చేతికుట్టు బొంతకు ధర కట్టడం ఎలా? "పాత చీరలే కదా" అంటే ఏమని చెప్పాలి?

దారపుండ (రామమూర్తి నగర్, బెంగళూరు):

అందరికీ నమస్కారం. నేను పాత నూలు చీరలతో చేతికుట్టు బొంతలు కుట్టి అమ్ముతుంటాను. మొదట్లో చుట్టాల ఇళ్ళలో పురుళ్ళకూ బారసాలలకూ కుట్టి ఇచ్చేదాన్ని. చూసినవారు తమకూ కావాలని అడగడంతో అదే నెమ్మదిగా చిన్న వ్యాపారమైంది. ఇప్పుడు మా వీధిలో ఉండే మరో ఇద్దరు ఆడవాళ్ళు మధ్యాహ్నం ఇంటిపనులు ముగించుకుని వచ్చి నాతో కలిసి కుడుతున్నారు. వారిలో ఒకామెది ధార్వాడ వైపు. వాళ్ళ ఊళ్ళో బొంతను కౌది అంటారు. ఆమె కుట్టు నా కుట్టు కంటే సన్నగా, వరస తప్పకుండా ఉంటుంది.

నాకు వచ్చే పని రెండు విధాలు. కొందరు తమ తల్లివో అమ్మమ్మవో చీరలు తెచ్చి ఇచ్చి, వాటితోనే బొంత కుట్టిపెట్టమంటారు. వెంకటగిరి, మంగళగిరి, చీరాల చీరలు, అప్పుడప్పుడు ఇలకల్ చీరలు ఇలా వస్తుంటాయి. మరికొన్నిటిని నేనే చీరలు సేకరించి, ముందుగా కుట్టి ఉంచి, అపార్టుమెంట్లలో పెట్టే సంతలలో అమ్ముతాను. కొలత ఎక్కువగా ఒంటి మంచానికి సరిపోయే 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. నాలుగు పొరలు పరచి, అర అంగుళం ఎడంతో నిలువు వరసలుగా రన్నింగ్ కుట్టు వేస్తాం. మిషను కుట్టు ఎక్కడా ఉండదు. అంచు కూడా చేత్తోనే మడిచి కుడతాం.

ప్రస్తుతం ఒక్కొక్కటి 1,800 రూపాయలకు ఇస్తున్నాను. ఆ మాట చెప్పగానే చాలామంది "పాత చీరలే కదండీ, 800 చేసుకోండి" అంటారు. మరికొందరు ఫోనులో మిషను మీద కుట్టిన రజాయి బొమ్మ చూపించి, అది ఇంటికి తెచ్చి ఇచ్చినా వెయ్యి రూపాయలు దాటదని చెబుతారు. వారి మీద నాకు కోపం లేదు. వారికి తెలిసిన ధర అదే. అయితే, నా ధర సబబైనదో కాదో నాకే నమ్మకంగా తెలిస్తే తప్ప దాని మీద నిలబడలేను. కాబట్టి, ఈ పనికి ధర కట్టే పద్ధతి ఏమిటో, నాతో కుట్టే ఇద్దరికీ బొంతకు ఇంతని ఇవ్వాలో గంటకు ఇంతని ఇవ్వాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇళ్ళకు లోపలి అలంకరణ చేసే ఒకరు ఈ మధ్య మా బొంతలు చూసి, గోడకు వేలాడదీయడానికి ఆరు కావాలని, ఒక్కొక్కదానికి 9,000 రూపాయలు ఇస్తామని అన్నారు. రంగులు వెలిసినట్టు ఉన్న చీరలే వాడాలని, మా గుర్తు గానీ పేరు గానీ ఎక్కడా ఉండకూడదని షరతు పెట్టారు. కప్పుకోవడానికి కుట్టినదాన్ని గోడకు ఎక్కించడం గౌరవమో, దాని అసలు విలువను పక్కన పెట్టడమో నాకు తేలడం లేదు. మీ అభిప్రాయాలు రాయగలరు.

లెక్కలపద్దు (మల్లేశ్వరం):

అమ్మా, మీరు కొలతలు స్పష్టంగా ఇచ్చారు కనుక లెక్క ఇక్కడే వేద్దాం. చేతిపని చేసుకునే చిన్న బృందాలకు పద్దులు రాసిపెట్టడం నా పని. వచ్చినవారందరికీ నేను మొదట చెప్పే మాట ఒక్కటే. ధర గురించి ఆలోచించే ముందు పనిని కొలవాలి.

60 అంగుళాల వెడల్పులో అర అంగుళానికి ఒక వరస చొప్పున 120 వరసలు వస్తాయి. ఒక్కో వరస పొడవు 90 అంగుళాలు. మొత్తం 10,800 అంగుళాలు, అంటే 300 గజాలు. 300 గజాల పొడవునా మీ సూది నాలుగు పొరల గుండా కిందికి దిగి పైకి వస్తోంది. చేయి తిరిగినవారు దారం ఎక్కించుకోవడం, ముడి వేయడం, గుడ్డ సర్దుకోవడం అన్నీ కలుపుకుని ఒక వరసను పావుగంటలో ముగిస్తారనుకున్నా, వరసలకే 30 గంటలు పడతాయి. చీరలు ఉతికి ఆరవేయడం, బాగున్న భాగాలను ఏరి కత్తిరించడం, ఇస్త్రీ చేయడం, పొరలు పరచి టాకాలు వేయడం, చివర అంచు మడిచి కుట్టడం, వీటికి మరో 10 గంటలు వేసుకోండి. మొత్తం 40 గంటలు. మీ చేతి వేగం వేరుగా ఉండవచ్చు. గడియారం పక్కన పెట్టుకుని పది వరసలు కుట్టి చూస్తే మీ సొంత అంకె మీకే తెలుస్తుంది.

దారానికీ అంచు గుడ్డకూ కలిపి 450 రూపాయలు అవుతుందనుకుంటే, మీరు తీసుకునే 1,800లో 1,350 మాత్రమే పనికి మిగులుతోంది. దాన్ని 40 గంటలకు పంచితే గంటకు 34 రూపాయలు కూడా పడడం లేదు. 800కు ఇస్తే 9 రూపాయలు కూడా రావు. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి మీరు కుట్టే చోట గోడకు అంటించుకోండి. బేరం ఆడేవారి ముందు నిలబడడానికి కావలసిన నమ్మకం అక్కడి నుంచే వస్తుంది.

ఇప్పుడు సబబైన ధర చూద్దాం. గంటకు 100 రూపాయలు అనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున నెలకు 26 రోజులు పనిచేసినవారికి అది 20,800 రూపాయలు అవుతుంది. బెంగళూరు వంటి ఊళ్ళో నేర్పు ఉన్న చేతికి ఇది ఎంత మాత్రమూ అధికం కాదు. 40 గంటలకు 4,000, సామాను 450, కలిసి 4,450. కరెంటు, ఉతుకుడు ఖర్చు, సంతకు తీసుకువెళ్ళే ఆటో వంటి వాటికి పదో వంతు కలిపితే సుమారు 4,900 అవుతుంది. అమ్ముడుపోకుండా నిలిచే సరుకును భరించడానికీ, రేపు మరో మనిషిని చేర్చుకోవడానికీ 15 శాతం మిగులు ఉండాలి. ఆ లెక్కన ధర 5,600 దాటుతుంది. చీరలు మీరే కొన్నవైతే వాటి ధర దీని మీద వేసుకోవాలి.

ఈ అంకె చూసి భయపడకండి. ధర తగ్గించడానికి మీ చేతిలో ఒక నిజమైన ఉపాయం ఉంది. అది వరసల మధ్య ఎడం. ముప్పాతిక అంగుళం ఎడం పెడితే 80 వరసలు, 20 గంటలు చాలు. ఒక అంగుళం ఎడం పెడితే 60 వరసలు, 15 గంటలు. మిగిలిన పని అంతే ఉంటుంది కనుక మొత్తం 30 గంటలు, 25 గంటలు అవుతాయి. ఇదే లెక్క ప్రకారం ముప్పాతిక అంగుళం బొంత 4,400కు అటూ ఇటూ, అంగుళం బొంత 3,700కు అటూ ఇటూ వస్తుంది. ఎవరైనా తగ్గించమన్నప్పుడు కూలి తగ్గించుకోకుండా కుట్టు దూరం చేసి ఇస్తామని చెప్పండి. కొనేవారికి ఎంచుకునే వీలు దొరుకుతుంది, మీ గంట విలువ మాత్రం మారదు.

ఇద్దరు ఆడవాళ్ళ కూలి సంగతి. బొంతకు ఇంతని ఇస్తే ఎవరు ఎంత కుట్టారన్న దగ్గర తేడాలు వస్తాయి. గంటకు ఇంతని ఇస్తే నెమ్మదిగా, సన్నగా కుట్టేవారిని తొందరపెట్టాలన్న ఆలోచన మీకు తెలియకుండానే కలుగుతుంది. వరసకు ఇంతని ఇవ్వడం మేలు. పావుగంటకు 25 రూపాయలు కనుక వరసకు 25. ధార్వాడ ఆమె సన్నటి కుట్టుకు వరసకు ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఆమెకు 30 గానీ 35 గానీ కట్టండి, ఆ బొంతను ఎక్కువ ధరకే అమ్మండి. ఏ వరసలు ఎవరివో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంటే సరిపోతుంది.

మట్టిపూస (బనశంకరి):

పై లెక్క చాలా విలువైనది. దానికి తోడుగా, సంతలో నిలబడి అమ్మే మనిషిగా కొన్ని మాటలు చెబుతాను. నేను కాల్చిన మట్టితో పూసలు, జుమ్కీలు చేస్తాను. నాకూ "మట్టే కదా" అనే మాట ప్రతి సంతలోనూ ఎదురవుతుంది.

కొనేవారికి పూర్తయిన వస్తువు మాత్రమే కనబడుతుంది. పని కనబడదు. కనుక పనిని కళ్ళ ముందు పెట్టాలి. మీ బల్ల మీద సగం కుట్టిన బొంత ఒకటి తప్పక ఉంచండి. నాలుగు పొరలూ విడివిడిగా కనిపించేలా ఒక మూల కుట్టకుండా వదిలేయండి. మీరు కూర్చున్నంతసేపూ దాని మీదే కుడుతూ ఉండండి. చూడడానికి వచ్చినవారికి సూది ఇచ్చి నాలుగు కుట్లు వేయమని అడగండి. నాలుగు పొరల్లోంచి సూదిని తిన్నగా లాగడానికి వేలికి ఎంత బలం కావాలో ఒక్కసారి తెలిసిన మనిషి ఆ తరువాత ధర గురించి మాట్లాడే తీరే మారిపోతుంది. మా దగ్గర పిల్లల చేత పూసలు చుట్టించడం మొదలుపెట్టినప్పటి నుంచి, పెద్దవాళ్ళు బేరం ఆడడం బాగా తగ్గింది.

ధర చెప్పేటప్పుడు పాత చీర అన్న చోట మొదలుపెట్టకండి. ఎన్ని పొరలు, ఎంత ఎడం, ఎన్ని గజాల కుట్టు, ఎవరు కుట్టారు అన్నవి చిన్న చీటీ మీద తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింటిలోనూ రాసి బొంతకు పిన్ను చేయండి. ఉతికే పద్ధతి కూడా అందులోనే ఉండాలి. ఆ 300 గజాల మాట తప్పకుండా రాయండి. నేను చదివి ఆగిపోయింది అక్కడే.

దుకాణాలకు ఇచ్చే ఆలోచన ఉంటే ముందే జాగ్రత్తపడండి. చాలా దుకాణాలు అమ్మిన ధరలో 30 నుంచి 40 శాతం తమకు ఉంచుకుంటాయి. మీకు 5,600 చేతికి రావాలంటే 40 శాతం తీసుకునే దుకాణంలో ఆ బొంత మీద 9,300కు పైగా రాసి ఉండాలి. అదే బొంతను మీరు సంతలో 5,600కే అమ్ముతుంటే దుకాణదారు నొచ్చుకుంటారు, అది న్యాయమే కూడా. కనుక దుకాణానికి వేరే రకం ఇవ్వడం మంచిది. పసిపిల్లల బొంతలు, కుర్చీ మీద వేసుకునే చిన్నవి అందుకు పనికివస్తాయి. సంతకు వచ్చి ఖాళీ చేతులతో వెళ్ళడం ఇష్టం లేనివారు కూడా అవి తీసుకుంటారు.

తల్లి చీరలు తెచ్చి ఇచ్చేవారి విషయం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ ధర కంటే నమ్మకం పెద్దది. చీరలు తీసుకోగానే ఒక్కొక్కదాన్ని విప్పి పరచి, చిరుగులు, మరకలు కనబడేలా ఫొటో తీసి, రసీదు రాసి ఇవ్వండి. కత్తెర వేసే ముందు ఏ భాగం పై పొరలో కనబడుతుందో, ఏది లోపలికి పోతుందో వారికి చూపించి ఒప్పుకోలు తీసుకోండి. కత్తిరించిన చీర మళ్ళీ చీర కాదు. మిగిలిన ముక్కలు చిన్నవైనా సరే, మూట కట్టి వెనక్కి ఇచ్చేయండి. సగం సొమ్ము ముందుగా తీసుకోవడం మొహమాటపడవలసిన విషయం కాదు.

పన్నులపని (కోరమంగల):

అమ్మకాల కాగితాల గురించి ఒక్క మాట. మీరు కుట్టి ఉంచిన బొంత అమ్మితే అది వస్తువు అమ్మకం. కొనేవారి సొంత చీరలతో కుట్టి ఇస్తే, ఇతరుల వస్తువు మీద చేసిన పని కనుక జీఎస్టీ చట్టం దాన్ని సేవగా చూస్తుంది. కర్ణాటకలో వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. సేవ కూడా చేస్తున్నారు కాబట్టి మీరు 20 లక్షల పరిమితినే దృష్టిలో ఉంచుకోవాలి. నమోదు లేని చిన్న వ్యాపారులు తమ రాష్ట్రం లోపల ఆన్‌లైన్ వేదికల ద్వారా వస్తువులు అమ్ముకోవడానికి 2023 అక్టోబరు 1 నుంచి వీలు కల్పించారు. దానికి పాన్‌తో ఒక ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య తీసుకోవాలి. వేరే రాష్ట్రాలకు పంపేటప్పుడు నియమం మారుతుంది. చేతివృత్తుల వస్తువులకు కొంత మినహాయింపు ఉంది కానీ అది ఒక జాబితాకు లోబడినది. మీ సరుకు ఏ పద్దు కింద వస్తుందో ఒకసారి ఆడిటరు చేత చూపించుకుని పంపండి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఆర్డరు వస్తే ఇది పనికివస్తుంది.

చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని కూడా ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు, తరువాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు అప్పు దొరుకుతాయి. అయితే ఇంటికి ఒక్కరికే వర్తిస్తుంది.

నేతపోగు (బసవనగుడి):

నేను వస్త్రకళల చరిత్ర చదువుకున్నాను. మీరు చివర అడిగిన ప్రశ్నకు, అంటే గోడకు ఎక్కించడం గౌరవమా కాదా అన్నదానికి కొంచెం వివరంగా జవాబు రాయాలని ఉంది.

పాత బట్టలను పొరలుగా వేసి కుట్టుకోవడం మన ఒక్క ప్రాంతపు అలవాటు కాదు. బెంగాలులో దీన్ని కాంథా అంటారు. గురుసదయ్ దత్ అనే ప్రభుత్వ ఉద్యోగి గత శతాబ్దపు తొలి సగంలో పల్లెలు తిరిగి ఇలాంటి కుట్టు గుడ్డలను సేకరించారు. ఆయన సేకరణ నేటికీ కోల్‌కతా శివార్లలోని జోకాలో ఆయన పేరు మీద ఉన్న మ్యూజియంలో ఉంది. పెళ్ళిళ్ళకూ పసిబిడ్డలకూ ఇంటి ఆడవాళ్ళు కుట్టుకున్నవే అవి. అదే కుట్టును నమ్ముకున్న ప్రీతికణా గోస్వామి గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

మన కర్ణాటకలోనే, ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, యల్లాపుర వైపు అడవి పల్లెల్లో ఉండే సిద్దీలు కవంది అనే బొంతలు కుడతారు. వీరి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. వారు బొంతను బయటి అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. నాలుగు మూలలా గుడ్డను మడిచి పువ్వుల వంటి త్రికోణాలు కుట్టి పెడతారు. ఆ పువ్వులు లేకపోతే బొంత పూర్తయినట్టు లెక్కపెట్టరు. కప్పుకునేటప్పుడు ఆ మూలలు వెచ్చదనాన్ని ఏమీ పెంచవు. అయినా వాటిని వదలరు. నిత్యం వాడే వస్తువులో కళ ఎక్కడ ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ఆ నాలుగు మూలలను చూపిస్తాను.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే నల్లజాతి రైతుల పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిపోయిన బట్టలతో బొంతలు కుట్టుకునేవారు. చలికి ఇంట్లో వెచ్చగా ఉండడానికే అవి. 2002లో హ్యూస్టన్‌లోని మ్యూజియం వాటిని గోడలకు ఎక్కించి ప్రదర్శించింది, అక్కడి నుంచి అవి న్యూయార్కుకు వెళ్ళాయి. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వచ్చాయి. గోడకు ఎక్కడం వల్ల ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. అంతటితో అయిపోలేదు. తమ పని హక్కులు, రాబడి విషయంలో అన్యాయం జరిగిందని వారిలో కొందరు 2007లో కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. అంటే గోడ వల్ల నష్టం లేదు. ఎవరు కుట్టారన్నది కాగితం మీద స్పష్టంగా లేకపోతే నష్టం ఉంది.

జపానులో యానగి సోఎత్సు ఇదే విషయం మీద జీవితమంతా పనిచేశారు. పేరు తెలియని పనివారు రోజూ వాడడానికి చేసిన గిన్నెలు, గుడ్డలు, బుట్టల్లో ఉన్న అందాన్ని చూడాలని చెప్పి, వాటి కోసమే 1936లో టోక్యోలో ఒక మ్యూజియం తెరిచారు. ఆయన దృష్టి నాకు ఎంతో ఇష్టం. అయినా ఒక్క చోట నేను ఆయనతో ఏకీభవించలేను. పేరు తెలియకపోవడంలో ఆయనకు గొప్పదనం కనిపించింది. తన పని మీదే ఇల్లు గడుపుకునే ఆడమనిషికి పేరు తెలియకపోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. కొన్నవారు మళ్ళీ ఆమె దగ్గరికే రావడానికి దారి ఉండదు, వేరొకరు ఆ కుట్టును తమదని చెప్పుకుంటే అడగడానికీ ఆధారం ఉండదు.

కాబట్టి ఆ ఆరు బొంతల విషయంలో నా సలహా ఇది. 9,000 మంచి ధర, తీసుకోండి. రంగుల ఎంపిక వారి ఇష్టానికే వదిలేయండి. పేరు ఉండకూడదన్న షరతును మాత్రం ఒప్పుకోకండి. వెనుక వైపు, గోడకు ఆనుకుని ఉండే చోట, మూడు అంగుళాల గుడ్డ ముక్క మీద కుట్టిన ముగ్గురి పేర్లు, ఊరు, సంవత్సరం దారంతో కుట్టి అతికించండి. ముందు నుంచి చూసేవారికి అది కనబడదు కనుక అలంకరణకు అడ్డం రాదు. దానికి కూడా ఒప్పుకోకపోతే ఆ ఆర్డరు వదులుకోవచ్చని నా అభిప్రాయం.

దారపుండ (రామమూర్తి నగర్, బెంగళూరు):

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వరసకు కూలి కట్టే పద్ధతి మా ముగ్గురికీ నచ్చింది. మధ్యాహ్నం వారిద్దరికీ చదివి వినిపించాను. 300 గజాల లెక్క విని ధార్వాడ ఆమె చాలాసేపు బొంతనే చూస్తూ కూర్చున్నారు. ఒక సందేహం మిగిలింది. ధర మూడింతలు చేసినప్పుడు వస్తువు కూడా అంతకాలం మన్నాలి కదా. పాత చీరలో ఎంత బలం మిగిలి ఉందో కచ్చితంగా చూసుకునే పద్ధతి ఎవరికైనా తెలుసా?

కొంగుముడి (కె.ఆర్. పురం):

అమ్మాయీ, నేను అనంతపురం జిల్లా నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన పెద్దదాన్ని. మా ఇంట్లో నాలుగు తరాల వారు బొంతలు కుట్టారు, అందువల్ల చెబుతున్నాను.

చీరను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా జరుపుతూ చూడు. నేత పలచబడిన చోట వెలుతురు మచ్చలుగా దిగుతుంది. ముఖ్యంగా రెండు చోట్ల చూడాలి. మడమలకు రాసుకునే కింది అంచు, కుచ్చిళ్ళు దోపుకునే నడుము భాగం. ఈ రెండూ ముందుగా అరిగిపోతాయి. కొంగు వైపు గుడ్డ చాలాకాలం గట్టిగా ఉంటుంది. ఆ తరువాత రెండు బొటనవేళ్ళను పక్కపక్కనే ఆనించి గుడ్డను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగు. పోగులు పక్కకు జరిగితే దాన్ని లోపలి పొరకు వాడుకోవచ్చు. చిటుక్కుమని చిరిగితే ఏ పొరకూ పనికిరాదు, అది ఎంత పెద్దావిడ చీర అయినా సరే, తెచ్చినవారికి ఆ మాట చెప్పేయాలి. పై పొరలకు కొంగు భాగం, ఒంటి మీద మధ్యలో ఉండే భాగం వాడు.

నూలో కాదో సందేహం ఉంటే ఒక పోగు తీసి వెలిగించు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టరు అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. అది కలిసిన చీరను బొంతలో వేయకు. చెమట పీల్చదు, కుట్టేటప్పుడు జారుతుంది. రంగు దిగుతుందేమో చూడడానికి తడిపిన తెల్ల గుడ్డతో కొంగు మీద గట్టిగా రుద్దితే చాలు.

అంచు కోసం కొత్త గుడ్డ కొంటే దాన్ని రెండుసార్లు ఉతికి ఆరబెట్టిన తరువాతే కుట్టు. ఉతకని కొత్త గుడ్డను పాతదానితో కలిపితే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుని బొంత చుట్టూ ముడతలు లేస్తాయి. కొన్నవారు దాన్ని నీ కుట్టు లోపం అనుకుంటారు.

గోడ బొంతల గురించి మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. బసవనగుడి వారు చెప్పినది నాకు అర్థమైంది, వెనుక పేర్లు కుట్టాలన్న మాట బాగుంది కూడా. కానీ గోడకు పోయేదే కదా అని పొరలు తగ్గించడం, బలం లేని చీరలు వేయడం, కుట్టు దూరం చేయడం మొదలుపెడితే చేయి దానికే అలవాటు పడుతుంది. ఆ ఆరింటినీ కప్పుకునేవాటిలాగే కుట్టండి. రేపు వారి గోడ మీద నుంచి దింపి ఎవరికైనా ఇచ్చినా ఒక మనిషికి చలి ఆగాలి. 9,000 ఇస్తున్నారు కనుక ఆ పనికి తగిన సొమ్ము అందులో ఉంది.

నేతపోగు (బసవనగుడి):

పెద్దవారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మ్యూజియంలో పెట్టిన పాత కాంథాల్లో మనసుకు ఎక్కువగా పట్టేవి కూడా బాగా వాడి, మళ్ళీ మళ్ళీ ఉతికి, అక్కడక్కడా అతుకు వేసినవే.

దారపుండ (రామమూర్తి నగర్, బెంగళూరు):

అమ్మగారూ, మీరు చెప్పిన బొటనవేళ్ళ పరీక్ష ఈ సాయంత్రమే చేశాం. కుట్టడానికి తీసి ఉంచిన చీరల్లో ఒకటి పక్కన పెట్టవలసి వచ్చింది, మరొకటి లోపలి పొరకు మారింది.

మేము ముగ్గురం కూర్చుని నిర్ణయించుకున్నది ఇది. అర అంగుళం, ముప్పాతిక, అంగుళం మూడు ఎడాలకు 5,600, 4,400, 3,700 అని ధరలు రాసి, ఒక్కొక్కదానికి జానెడు నమూనా కుట్టి సంత బల్ల మీద పెడతాం. చీరలు మావైతే వాటి ధర వేరుగా చూపిస్తాం. పాత ధరకు ఒప్పుకుని ముందుగా సొమ్ము తీసుకున్న ఆర్డర్లను ఆ ధరకే పూర్తి చేస్తాం. కూలి ఈ సోమవారం నుంచి వరసల లెక్కన ఉంటుంది. ధార్వాడ ఆమెకు వరసకు 35 చొప్పున కట్టాను. ఆమె 30 చాలన్నారు కానీ ఆమె పేరు మీద కుట్టే బొంతకు ధర కూడా ఎక్కువే పెడుతున్నాం కనుక నేను ఒప్పుకోలేదు.

అలంకరణ వారికి ఫోను చేసి, వెనుక పేర్ల గుడ్డ ఉంటుందని, నాలుగు పొరలూ గట్టి చీరలే వేస్తామని చెప్పాను. ఆలోచించి చెబుతామన్నారు. మల్లేశ్వరం వారికి ఒక చిన్న ప్రశ్న. పేర్ల గుడ్డ కుట్టడానికి పట్టే సమయాన్ని ఆ పదిగంటల్లోనే కలుపుకోవాలా, విడిగా రాసుకోవాలా?

లెక్కలపద్దు (మల్లేశ్వరం):

విడిగా రాసుకోండమ్మా. మూడు పేర్లు దారంతో కుట్టడానికి గంటకు తక్కువ పట్టదు. ఆ గుడ్డ వేసే ప్రతి బొంత ధరలోనూ 100 రూపాయలు కలపండి.